‘ఒకే ఊపిరి’ ఆట పిల్లలకు తగునా?

మొదటి రోజు. ఈశాన్యపు గాలి, అల తక్కువ.

పదకొండో తెప్ప మీద పిల్లల ఆటల తనిఖీ నాది. నా పేరు మంగతాయారు. ఒడ్డు నుంచి ఏ కొత్త ఆట వచ్చినా ముందు నేను ఎనిమిది రోజులు ఆడి, ఆడించి, ‘తగును’ అనో ‘తగదు’ అనో రాయాలి. ఆ తర్వాతే అది మిగతా పిల్లల తెరల్లోకి వెళుతుంది. రాసేది ఈ పలక మీదే. సాయంత్రానికి దీన్ని వంటశాల గోడకు తగిలిస్తాం, ఎవరైనా చదువుకోవచ్చు. రాసింది చెరపడానికి మాత్రం వీల్లేదు. తప్పు రాస్తే కింద ఇంకో ముక్క చేర్చుకోవాలి గాని, పైది పోదు.

పొద్దున్న తెప్ప కింది పీపాలకు పట్టిన గుల్లలు గోకి, వాననీళ్లు పట్టే గుడ్డలు దులిపి, నాచు రొట్టెలు కాల్చి అప్పుడు హంసినిని కూర్చోబెట్టాను. నా కూతురు. ఎనిమిదో రోజుకి దానికి పదేళ్లు నిండుతాయి. అంటే ఆ రోజే తాడు పేరు చెప్పాలి. మా దగ్గర తుఫాను వస్తే అందరం అడుగు గదిలోకి దిగుతాం. దీపాలు పోతాయి, ఒక్కోసారి నీళ్లు కూడా వస్తాయి. అందుకని ప్రతి పిల్లనీ ఒక పెద్దమనిషి నడుముకి తాడుతో కడతాం. పదేళ్ల లోపు పిల్లలకు తల్లే, లేదంటే తల్లి చెప్పినవాళ్లు. పదో ఏట మాత్రం పిల్లే నలుగురిలో నిలబడి, ఎవరి నడుముకి కట్టాలో పేరు చెబుతుంది. నూటికి తొంభైమంది తల్లి పేరే చెబుతారు. మాది కూడా అంతే, ఇందులో ఆలోచించడానికి ఏముంది.

ఆట సంగతి. ఇద్దరు కలిసి ఆడాలి, ఒకరి మీద ఒకరు కాదు. మునిగిపోయిన ఒక ఊళ్లో ఇద్దరు ఈతగాళ్లు. ఒకరి చేతిలో దీపం, ఇంకొకరి చేతిలో ఊపిరి సంచి. దీపం ఉన్నవాళ్లకి దారి కనపడుతుంది గాని ఊపిరి లేదు. సంచి ఉన్నవాళ్లకి ఊపిరి ఉంది గాని ఏమీ కనపడదు. నలభై అంకెలు లెక్కపెట్టేలోపు సంచి రెండోవాళ్ల మూతికి అందించాలి. పైకి తేలితే ఇద్దరూ తేలతారు, లేకపోతే ఇద్దరూ పోతారు. రక్తం లేదు, దయ్యాలు లేవు. ఊపిరి అయిపోతే బొమ్మ మెల్లగా వాలిపోతుంది, దీపం ఆరిపోతుంది.

దీపం నేను పట్టుకున్నాను. తొమ్మిదిసార్లు ఆడాం, తొమ్మిదిసార్లూ పోయాం.

“అమ్మా, నువ్వు కుడి ఎడమ అని అరిచేలోపే మనం చచ్చిపోతున్నాం” అంది హంసిని.

“చెప్పింది చెప్పినట్టు చేస్తే ఎందుకు పోతాం?” అన్నాను.

భయపెడుతుందా అన్న గడిలో ‘లేదు’ అని రాశాను. పిల్ల నవ్వుతూనే ఉంది. చెమటలు పట్టింది నాకు.

రెండో రోజు. గాలి లేదు, ఉక్క.

దీపం హంసినికి ఇచ్చి సంచి నేను తీసుకున్నాను. అది ముందుకి అంటుంది, నాకేమో అటు గోడ ఉందనిపిస్తుంది. కళ్లు కనపడనప్పుడు మనసుకి తోచింది చేస్తాం కదా. ఆరుసార్లు పోయాం. ఏడోసారి అది తెర కింద పెట్టేసి మూతి ముడుచుకుంది.

“నీకు కనపడదు గదా. మరి నన్నెందుకు అడగవు?”

“నువ్వు నాకు దారి చెప్పేంత దానివయ్యావా?” అని నోరు పారేసుకున్నాను.

‘ఆడేవాళ్ల మధ్య గొడవ పెడుతుంది’ అని రాశాను.

మూడో రోజు. గాలి లేదు.

తనిఖీకి మూడు జంటలు కావాలని నియమం. తల్లీ కూతురూ అయ్యాం. రెండో జంటకి హంసిని పక్కన రత్నాన్ని కూర్చోబెట్టాను. నూకరత్నం నా తోడికోడలు, మా మరిది భార్య. చేపలు ఎండేసే పందిరి దగ్గర పని. ఆరేళ్ల గంగ, ఇంకా చంక దిగని చిన్నది, ఇద్దరు ఆడపిల్లలు. దాన్నే ఎందుకు పిలిచానో ఉన్నమాట రాస్తాను. తెర ఏ వైపు పట్టుకోవాలో కూడా తెలియని మనిషి. దాంతో ఆడితే పిల్లకి నా విలువ తెలిసొస్తుందనుకున్నాను.

“అక్కా, ఇది తలకిందులుగా గానీ పట్టుకున్నానా?” అంటూ మొదలుపెట్టింది. హంసిని కిలకిల నవ్వి తిప్పి పట్టుకోవడం చూపించింది. రత్నం బదులు చేపలు తిరగేసే పని నేను చేస్తూ ఓ చెవి ఇటే వేశాను.

“ఇక్కడేదో మెట్టులా కనపడతాందే. పక్కన సందు కూడా ఉంది. ఎటెల్దామంటావ్?” అంది రత్నం.

“మెట్టెక్కుదాం పిన్నీ. ఊపిరి కావాలా?”

“కొంచెం ఇవ్వు. నువ్వు తాగావా మరి?”

పోయారు. మళ్లీ పోయారు. పోయినప్పుడల్లా ఇద్దరూ ఒకరిమీదొకరు పడి నవ్వడమే. అయిదోసారికి ఆ మునిగిన ఊరి బస్టాండు దాటేశారు. రెండు రోజులు తల బాదుకున్నా నేను గుమ్మం కూడా దాటని బస్టాండు అది! కడుపు మండిపోయింది. చేపలు ఒకవైపే ఎండి మాడుతున్నా చూసుకోలేదు. దానికీ రత్నమే వచ్చి, “పర్లేదులే అక్కా, పులుసులో ఏసేద్దాం” అంది.

నాలుగో రోజు.

వాళ్లిద్దరికీ సొంత భాష ఒకటి తయారైంది. ‘చింతపండు’ అంటే ఇంకాస్త ఊపిరి అట. ‘దోసె’ అంటే తిరుగు అట. ఆటలో ఉన్నంతసేపూ రత్నం సన్నగా కూనిరాగం తీస్తూ ఉంటుంది, రాగం ఆగితే ఊపిరి అయిపోవస్తోందని హంసినికి గుర్తు. ఎవరు చెప్పారే ఈ ఉపాయం అంటే, “ఎవరూ చెప్పలేదు, వచ్చేసింది” అంది.

ఆటలోనే అయితే సరిపెట్టుకుందును. మధ్యాహ్నం వంటశాలలో నేను కలిపిన ముద్ద పక్కకి తోసి, పిన్ని పళ్లెంలోంచి తింటోంది. గంగకి తన రిబ్బను కట్టింది. నడుస్తూ నడుస్తూ, “చింతపండు!” అని అరిచింది, దూరంగా రత్నం, “దోసె!” అని అరిచింది, ఇద్దరూ నవ్వారు. పక్కన నేనొకదాన్ని ఉన్నానన్న ధ్యాసే లేదు.

నాకు రత్నం అంటే అసూయ. రాసేశాను, ఇంక ఇది చెరగదు. చదువుకునేవాళ్లు చదువుకోండి. తొమ్మిది నెలలు మోసింది నేను, పురుళ్ల పడవ దొరక్క తెప్ప మీదే కన్నది నేను. అది మాత్రం నాలుగు దోసెలూ ఓ చింతపండూ పెట్టి నా పిల్లని ఎత్తుకుపోతోంది.

తాడు పేరు ఇంక నాలుగు రోజుల్లో ఉంది. ఆ సంగతి ఇప్పటిదాకా నాకు తట్టనే లేదు. తట్టిన దగ్గర్నుంచీ రోజులే లెక్కపెట్టుకుంటున్నాను.

అయిదో రోజు. అల ఎక్కువ.

తీర్పు: తగదు.

కారణాలు: నీళ్ల మీద బతికే పిల్లలకు మునగడాన్ని ఆటగా చూపించడం మంచిది కాదు. పిల్ల భయపడుతోంది. ఆట ఆపమంటే ఆపడం లేదు. ఎనిమిది రోజులు ఆడించనవసరం లేదు, ఇవాళ్టితో ముగిస్తున్నాను.

అదే రోజు, కింద చేరుస్తున్నాను.

పలక గోడకు తగిలించిన కాసేపటికే హంసిని పరుగెత్తుకుంటూ వచ్చింది. మొహం ఎర్రగా ఉంది.

“నేను భయపడ్డానని రాశావేంటి? ఎప్పుడు భయపడ్డాను?”

“నీకు తెలీదులే, నాకు తెలుస్తుంది.”

“ఆపమంటే ఆపలేదని రాశావు. ఎప్పుడు ఆపలేదు? అబద్ధాలు రాశావమ్మా. పిన్నితో ఆడుతున్నాననే కదా?”

“అవును! ఆ పిన్నికి ఏం వచ్చని దాని కొంగు పట్టుకు తిరుగుతున్నావు? నేనేం తక్కువ చేశాను నీకు?”

అది కుడిచేతి మణికట్టు ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది. చివరికి, “పోయిన తుఫానులో మెట్లు అటున్నాయని నాలుగుసార్లు చెప్పాను నీకు” అని వెళ్లిపోయింది.

ఆరో రోజు.

ఆటతో సంబంధం లేనిది ఇక్కడ రాయకూడదంటారు. కానీ సంబంధం ఉంది కాబట్టి రాస్తున్నాను.

పోయిన తుఫానులో దీపాలు పోయాక నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. మెట్లు ఎడమకి ఉన్నాయని నేను అనుకున్నాను. హంసిని తాడు పట్టి వెనక్కి లాగుతూ, కుడికి అమ్మా, కుడికి, అంటూనే ఉంది. నేను దాని చెయ్యి పట్టుకుని బలవంతాన ఎడమకి ఈడ్చాను. గోడ తగిలింది. మెట్లు కుడికే ఉన్నాయి. దాని మణికట్టు వాచి పదకొండు రోజులు కట్టుతో తిరిగింది. జారి పడిందని నేనే అందరికీ చెప్పాను. లంగరు పనిలో ఉన్న దాని నాన్నకి కూడా అదే చెప్పాను. పిల్ల కాదనలేదు. ఇన్నాళ్లూ కాదనలేదు.

ఇది రాశాక బుద్ధి వచ్చి ఉంటుందనుకుంటారేమో. రాలేదు. నేరుగా చేపల పందిరికి వెళ్లి రత్నాన్ని నిలదీశాను.

“ఏం మందు పెట్టావే నా పిల్లకి?”

రత్నం చేపలు తిరగేయడం ఆపింది. “ఆడమని నువ్వే గదక్కా పిలిచింది. నేనొచ్చి అడిగానా?”

“అదెలా మాట వింటోంది నీ దగ్గర?”

“అది నా మాట ఇంటం ఏంటక్కా, నేనే దాని మాట ఇంటన్నాను. నీకన్నీ తెల్సు. నాకేం తెలీదు గాబట్టి అడుగుతాను. అంతే.”

వెక్కిరిస్తోందేమోనని మొహంలోకి చూశాను. అలాంటిదేమీ లేదు. దాంతో ఒళ్లు ఇంకా మండింది. వెక్కిరిస్తే తిట్టి వచ్చేద్దును.

తనిఖీ ముగించానని రాశాను గాని, మూడో జంట ఆడలేదు కాబట్టి ముగింపు చెల్లదని తెప్ప పెద్ద అప్పలకొండ గారు కబురు పెట్టారు. మూడో జంటలో ఇద్దరూ పెద్దవాళ్లే ఉండాలి. ఆటలో చెయ్యి తిరిగినవాళ్లే ఆడమన్నారు. అంటే నేనూ, రత్నమూ!

ఏడో రోజు. గాలి దిక్కు మారింది.

దీపం రత్నానికి, ఊపిరి సంచి నాకు. హంసిని, గంగ ఎదురుగా కూర్చుని చూస్తున్నారు.

మొహమాటం లేకుండా రాస్తాను. రత్నం బాగా ఆడింది. ఏం కనపడితే అది చెప్పింది, చెప్పి నన్ను అడిగింది. “అక్కా, ఇక్కడ సినిమా హాలు మెట్లు. పైకి పోతే తలుపు మూసుంది. కింద కిటికీ ఉంది. ఏం చేద్దాం?” బస్టాండు దాటాం, సినిమా హాలు దాటాం. నాకు సరదా కూడా పుట్టింది. ఇంక ఒక్క నిలువు ఈత ఈదితే పైకి తేలతాం. అప్పుడు రత్నం కూనిరాగం ఆగింది.

“చింతపండు అక్కా” అంది.

ఆ మాట వాళ్లిద్దరిదీ. అది నాతో అనేసరికి నాలో ఏదో అడ్డం తిరిగింది. సంచి నా చేతిలో ఉంది. ఒక్క వేలు కదిపితే చాలు. కదపలేదు. ముప్ఫై అయిదు, ముప్ఫై ఆరు అని అంకెలు తెర మీద పోతున్నాయి. చూస్తూ ఊరుకున్నాను. రత్నం బొమ్మ మెల్లగా వాలిపోయింది, దీపం ఆరింది, వెనకే నాది కూడా పోయింది.

“అయ్యో, నేనే లేటుగా అడిగినట్టున్నానక్కా” అంది రత్నం. పిల్లలిద్దరూ ఉసూరుమన్నారు. నేను తెర కింద పెట్టి, పీపాలు గోకాలని చెప్పి లేచి వచ్చేశాను.

రత్నం లేటుగా అడగలేదు. నేనే ఇవ్వలేదు. నేను చెప్పకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

తనిఖీదారుగా ఒక ముక్క రాయాలి. ఈ ఆటలో ఊపిరి బిగబట్టే వీలుంది. సంచి ఉన్నవాళ్లు తలుచుకుంటే ఇవ్వకుండా ఊరుకోవచ్చు, ఆట వాళ్లని ఏమీ అనదు. పిల్లలకు తగునా అంటే చూడాల్సింది అదే. మొత్తం ఆటలన్నీ వెనక్కి తిప్పి చూశాను. మొదటి రోజు సంచి హంసిని చేతిలో ఉంది. నేను దాని మీద ఎంత అరిచినా, ఒక్కసారైనా సంచి బిగబట్టలేదు. తన బొమ్మకి చాలకపోయినా నాకిచ్చింది. తొమ్మిదేళ్ల పిల్ల చేయని పని ముప్ఫై ఆరేళ్లదాన్ని నేను చేశాను.

పలక గోడకు తగిలించాలి. చేతులు రావడం లేదు. తగిలిస్తున్నాను.

ఎనిమిదో రోజు. గాలి పెరుగుతోంది.

ముందు తీర్పు రాసేస్తాను, మళ్లీ మనసు మారకముందు. ‘ఒకే ఊపిరి’ ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు తగును. పెద్దవాళ్లతో ఆడేటప్పుడు ఊపిరి సంచి పిల్లల చేతికే ఇవ్వాలి. అయిదో రోజు నేను రాసినది అబద్ధం, చెల్లదు.

ఇక జరిగింది.

పొద్దున్న అందరం పైచావడిలో చేరాం. పేరు చెప్పే రోజున పిల్లలున్న వాళ్లంతా నడుముకి తాళ్లు కట్టుకుని వస్తారు. హంసిని నీలం గౌను వేసుకుంది. జడ నన్ను వేయనిచ్చింది గాని ఒక్క మాట మాట్లాడలేదు. అప్పలకొండ గారు, “ఎవరి నడుముకి కట్టమంటావమ్మా?” అని అడిగారు. అది నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

“రత్నం పిన్నికి” అంది.

అందరి తలలూ నా వైపు తిరిగాయి. తల కొట్టేసినట్టయింది. నాలుగు రోజులుగా దీనికే భయపడుతున్నాను, అయినా విన్నాక పక్కనున్న గుంజ పట్టుకున్నాను.

అప్పలకొండ గారు గొంతు సవరించుకున్నారు. “రత్నం నడుముకి ఇప్పటికే ఇద్దరున్నారమ్మా. ఒక నడుముకి రెండు తాళ్లే, మూడోది కట్టం. ఇంకో పేరు చెప్పు.”

రాయడానికి సిగ్గుగా ఉంది. ఇన్నాళ్ల భయంలో ఆ నియమమే నాకు గుర్తు రాలేదు, వినగానే ప్రాణం లేచి వచ్చింది. ‘ఇప్పుడెక్కడికి పోతావే’ అనుకున్నాను, నా కూతురి గురించే. దాని కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా చూస్తూ అనుకున్నాను.

అప్పుడు రత్నం చంకలో పిల్లతో ముందుకు వచ్చింది. తన నడుముకున్న గంగ తాడు ముడి విప్పింది.

“చిన్నదాన్ని నేనుంచుకుంటానండి. హంసిని నాకు కట్టండి. గంగని అక్కకి కడతాను. పదేళ్ల లోపు పిల్లయితే తల్లి ఇట్టమే గదండీ, ఆయ్.”

తాడు కొస పట్టుకుని నా దగ్గరికి వచ్చి, నా నడుము చుట్టూ తిప్పుతుంటే నేను మెల్లగా అడిగాను. “పలక చదవలేదా నువ్వు?”

“చదివాను. కూడబలుక్కుని రెండుసార్లు చదివాను.”

“మరి?”

రత్నం ముడి బిగించి చూసుకుంది. “కోపంగానే ఉందక్కా. రాత్రంతా నిద్ర పట్టలేదు. కానీ ఇంకెవరికి కట్టను? మిగతావోళ్లు చీకట్లో ఏం చేత్తారో నాకు తెలీదు. నువ్వేం చేత్తావో తెల్సు. నువ్వే రాశావు గదా.”

గంగ నా చెయ్యి పట్టుకుంది, వేళ్లు బెల్లంతో జిగటగా ఉన్నాయి.

పేర్లయ్యాక అలవాటు నడక ఉంటుంది. అడుగు గదిలో దీపాలు ఆర్పేసి, పీపాలు, అడ్డు తడికలు చోటు మార్చి పెడతారు. తాడు కట్టుకున్న జంటలు తడుముకుంటూ మెట్లు వెతుక్కుని పైకి రావాలి. మెట్లు ముందుకే ఉన్నాయని నాకు గట్టి నమ్మకం. పది అడుగులు వేశాక తాడు వెనక్కి లాగింది.

“పెద్దమ్మా, ఇటు నుంచి గాలొస్తాంది” అంది గంగ.

ఊరుకోవే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాలుక కరుచుకున్నాను. “ఎటు?” అన్నాను. చూపించింది, వెళ్లాం. అది మెట్లు కాదు. తడికలో చిల్లు, అందులోంచి గాలి. నేను అనుకున్న వైపే మెట్లున్నాయన్నమాట! అయినా ఏమీ అనలేదు, అనకుండా ఉండటానికి పళ్లు బిగబట్టాల్సి వచ్చింది. “మళ్లీ వెతుకుదామా?” అంటే, “నువ్వు చెప్పు ఈసారి” అంది గంగ. అందరికన్నా ఆఖర్న పైకి వచ్చాం.

పైన అందరూ బెల్లం నీళ్ల దగ్గర మూగారు. హంసిని మాత్రం తాడు విప్పుకుని మెట్ల దగ్గరే నిలబడి ఉంది. నన్ను చూడనట్టే గంగ చెయ్యి అందుకుంది. మణికట్టు ఎండలోకి తిప్పి చూసింది, బొటనవేలితో నొక్కింది. రెండో చెయ్యి కూడా చూసింది.

“నొప్పుందా?”

“లేదక్కా.”

అప్పుడు నా వైపు తలెత్తింది. “ఇంతసేపేంటి?”

“దారి తప్పాం. ఇది ఇటంది, వెళ్లాం.”

“నీకు తెలిసి కూడా వెళ్లావా?”

“ఊఁ.”

హంసిని పెదవులు బిగించింది. “నేను చెబితే వెళ్లేదానివా?” అంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. మూడో రోజు నుంచీ నా నోట వస్తున్నది అదే గొంతు.

వెళ్లేదాన్ననే అందామనుకున్నాను. “ఏమోనే. వెళ్లేదాన్ని కాదేమో” అన్నాను.

అది విసవిసా బెల్లం నీళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. రత్నం పక్కన నిలబడి రెండు గ్లాసులు నింపించుకుని మళ్లీ వచ్చింది. ఒకటి గంగకిచ్చింది. రెండోది అక్కడే నిలబడి, నన్నే చూస్తూ సగం తాగింది. మిగతాది నా చేతిలో పెట్టి గంగ తాడు ముడి విప్పడానికి వంగింది.